అడగండి, కానీ అడిగింది చెరిపేయకండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. నేను గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతుంటా. మీ పేపరు షాపుకి వస్తుంది, పొద్దున్నే షట్టర్ ఎత్తి అగరొత్తి వెలిగించాక టీ తాగుతూ నేను ముందు చూసేది ఈ ఉత్తరాల పేజీయే. పోయిన ఆదివారం తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన ఉత్తరం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన బాధ ఏంటంటే కంప్యూటర్ ఆన్ చేస్తే "ఏదో ఇంగ్లీషులో మెసేజ్" వస్తోంది, మనవడు అమెరికాలో ఉన్నాడు, మనకి పగలైతే వాడికి అర్ధరాత్రి, రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే ఇంటికొచ్చి చూడ్డానికే 500 అన్నారు, ఎవరో చెప్తే ఫేస్‌బుక్‌లో ఒక కంప్యూటర్ గ్రూపులో చేరి అడిగారు, మూడు రోజులైనా ఎవరూ పలకలేదు, దాంతో విసుగొచ్చి పోస్టు తీసేసి "ఈ గ్రూపులన్నీ ఉత్త కాలక్షేపం" అని తేల్చేశారు.

మాస్టారూ, మీమీద గౌరవంతోనే అంటున్నా, ఎవరూ పలకకపోవడంలో సగం తప్పు గ్రూపుది, సగం మీది, కానీ ఆ పోస్టు తీసేయడం మాత్రం మొత్తం మీదే. నేనూ అదే పని చేసి దెబ్బతిన్నా, అందుకే ఇంత చనువుగా చెప్తున్నా.

మా షాపులో రెండు సిస్టమ్స్. కౌంటర్ దగ్గర ఒకటి, వెనక గదిలో ప్రింటర్ తగిలించింది ఇంకోటి, ముందు దాంట్లో కంపోజ్ చేసి ప్రింట్ కొడితే వెనక వస్తుంది. 2021 సెప్టెంబరు ఆఖర్లో, దసరా ఆఫర్ పాంప్లెట్ల హడావుడి, ఒక బట్టల షాపు మేటర్ ట్రేసింగ్ పేపర్ మీద తీసి ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పంపాలి, ప్రెస్ కుర్రాడు బండి కూడా ఆపకుండా బయట వెయిటింగ్, నేను ప్రింట్ కొడితే రాదు. మళ్ళీ కొట్టా, రాదు. రీస్టార్ట్ చేశా, కేబుల్ పీకి పెట్టా, ప్రింటర్ నెత్తిన ఒకటి కొట్టా (అది పనిచేసిన రోజులూ ఉన్నాయి లెండి), రాదు. స్క్రీన్ మీద ఏదో నంబరుతో డబ్బా ఒకటి వస్తోంది, దాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తున్నా. ఆఖరికి ఫోన్ తీసి నాలుగు గ్రూపుల్లో ఒకేసారి "ప్రింట్ రావట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని పెట్టా.

ఏమొస్తాయి? ఒకాయన "ఇంకు ఉందా" అన్నాడు, అది ఇంకుతో కాదు, పొడితో పనిచేసే లేజర్ ప్రింటరు. ఇంకొకడు "ఫార్మాట్ కొట్టు బ్రో". మూడోవాడు నవ్వే బొమ్మ పెట్టి "డీటీపీ షాపు పెట్టుకుని ప్రింట్ తీయడం రాదా" అన్నాడు. నాలుగో గ్రూపులో మాత్రం ఒకతను, ఎవరో ఎక్కడుంటాడో ఇప్పటికీ తెలీదు, వరసగా అడిగాడు. అన్నా ప్రింటర్ ఈ సిస్టమ్‌కే తగిలించిందా, వేరే సిస్టమ్ నుంచి షేరింగా? రెండిట్లో విండోస్ ఏది? నిన్న వచ్చిందా? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? డబ్బాలో నంబరు ఎంత? నాకు ఒళ్ళు మండింది, ఇక్కడ కొంప అంటుకుంటే వీడేంటి కోర్టులో లాయరు లాగా అని. అయినా వేరే దిక్కు లేక వెళ్ళి చూసి టైప్ చేశా, సున్నా ఎక్స్, తర్వాత అయిదు సున్నాలు, చివర 11బి.

అంతే, అయిదు నిమిషాల్లో జవాబు. ఆ ఏడాది విండోస్ ప్రింటింగ్‌లో సెక్యూరిటీ లోపాలు వరసగా బయటపడ్డాయట, ప్రింట్‌నైట్‌మేర్ అని ఒకటి బాగా పేరుమోసింది, వాటికి ప్యాచ్‌లు ఇస్తూ ఇస్తూ సెప్టెంబరు అప్‌డేట్‌లో ఒక రూలు గట్టిగా పెట్టారట. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌తో పక్క సిస్టమ్ మాట్లాడాలంటే ఇకనుంచి తాళం వేసిన దారిలోనే మాట్లాడాలి. మా వెనక సిస్టమ్ అప్‌డేట్ అయ్యింది. ముందు దాంట్లో, పని మధ్యలో రీస్టార్ట్ అడుగుతోందని నేనే అప్‌డేట్లు ఆపేసి పెట్టా. ఒకదానికి కొత్త రూలు తెలుసు, రెండోదానికి తెలీదు, తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. అతను రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఒక లైను కలిపి దానికి సున్నా ఇస్తే ప్రింట్ వచ్చేస్తుంది అని చెప్పాడు. అది చేయబోతుంటే కింద ఇంకొకాయన వచ్చి, అలా చేస్తే వస్తుంది గానీ వేసిన తాళం పీకేసినట్టే, మీ షాపులో కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లు పెడుతుంటారు, వద్దు, రెండు సిస్టమ్సూ అప్‌డేట్ చేయండి, ఈలోపు పని ఆగకుండా ఫైలు పెన్‌డ్రైవ్‌లో వెనక సిస్టమ్‌కి తీసుకెళ్ళి కొట్టుకోండి అన్నాడు. పెన్‌డ్రైవ్ ఆలోచన నాకెందుకు రాలేదో దేవుడికే తెలియాలి. కంగారులో బుర్ర అలాగే ఉంటుంది. ట్రేసింగ్ ఇచ్చి పంపేశా, సాయంత్రం అప్‌డేట్ పెట్టా, పొద్దున్నకి మామూలైపోయింది.

ఇక్కడ చూడండి, మొదటతని జవాబు తప్పు కాదు, కానీ రెండో ఆయన వచ్చి సరిచేశాడు. నలుగురి ముందు చెప్పినందువల్లే సరిచేసేవాడు దొరికాడు. ఇన్‌బాక్స్‌లో చెప్పుంటే నేను ఆ లైను కలిపి తాళం లేకుండానే ఇప్పటికీ కూర్చుని ఉండేవాడిని.

మరి నేనేం చేశా? ఆ రాత్రి నాలుగు పోస్టులూ డిలీట్ చేశా. మా కస్టమర్లు కూడా ఆ గ్రూపుల్లో ఉన్నారు, "ప్రింట్ తీయడం రాదా" అన్న మాట గుచ్చుకుంది, పని కూడా అయిపోయింది కదా అని. ఫేస్‌బుక్‌లో పోస్టు తీసేస్తే కింద కామెంట్లు కూడా పోతాయి, ఆ ఇద్దరూ ఓపిగ్గా కొట్టిన ఇరవై లైన్లు నా పోస్టుతో పాటు పోయాయి.

తర్వాతి ఏడాది బ్రాడీపేటలో నా ఫ్రెండ్ షాపులో అదే 11బి. ఫోన్ చేశాడు. నాకు నంబరు గుర్తుంది, రిజిస్ట్రీలో ఏదో చేయకూడదని గుర్తుంది, ఏం చేయాలో సరిగ్గా గుర్తు లేదు, వాడివి రెండు కూడా కాదు మూడు సిస్టమ్స్. ఆగరా నా పాత పోస్టు చూసి చెప్తా అని వెతికా, తీసేసిన సంగతే మర్చిపోయి అరగంట వెతికా. ఈలోపు వాడు ఎవరినో పిలిచి ఫార్మాట్ కొట్టించాడు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న రెండేళ్ళ పెళ్ళికార్డుల మేటర్ మొత్తం పోయింది, మళ్ళీ తెలుగు కొట్టే అను ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ అన్నీ ఎక్కించుకునేసరికి ఒక రోజు పోయింది. వాడు నన్నేం అనలేదు. అననందుకే ఇంకా బాధ.

అందుకని ఇప్పుడు షాపులో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టా. తారీఖు, ఏం వచ్చింది, ఏం చేస్తే పోయింది. గ్రూపులో కూడా పని అయ్యాక వెళ్ళి "అయ్యింది సార్, ఫలానాది చేస్తే అయ్యింది" అని రాస్తున్నా. ఉత్త థ్యాంక్స్ పెడితే వెనకొచ్చేవాడికి ఉపయోగం లేదు, ఏది చేస్తే అయ్యిందో రాయాలి, అయిదుగురు అయిదు చెప్తారు కదా, వాటిల్లో ఏది తగిలిందో వాడికెలా తెలుస్తుంది.

ఎలా అడగాలన్నది కూడా చెప్పమని మీరు అడగలేదు గానీ చెప్తా. డాక్టర్ దగ్గరికెళ్ళి "బాలేదు, అర్జెంట్" అని ఊరుకోం కదా, ఎప్పటినుంచి, ఎక్కడ, ఏం తిన్నాం, ఇప్పటిదాకా ఏ బిళ్ళ వేసుకున్నాం అన్నీ చెప్తాం. ఇదీ అంతే. అన్నిటికన్నా ముఖ్యం ఆ మెసేజ్‌ని ఉన్నది ఉన్నట్టు టైప్ చేయడం. మన వాళ్ళు ఫోన్‌తో మానిటర్‌ని ఫొటో తీసి పెడతారు, సగం తెగిపోయి, ట్యూబ్‌లైటు వెలుగు పడి, వెనక గోడ మీద క్యాలెండర్ మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఫొటో పెట్టండి, తప్పులేదు, కానీ అక్షరాలు కూడా కొట్టండి, రేపు ఇంకొకడు అదే నంబరు వెతికితే ఫొటోలో ఉన్నది దొరకడం కష్టం, టైప్ చేసింది దొరుకుతుంది. రెండోది, నిన్న బాగున్నది ఇవాళ ఎందుకు చెడిందో ఆలోచించాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారా, అప్‌డేట్ అయ్యిందా, కరెంటు పోయిందా, వైఫై డబ్బా మార్చారా, పిల్లలు ఆడుకున్నారా. "నేనేం చేయలేదండి" అని అందరూ అంటారు, నేనూ అన్నా. ఒకేసారి నాలుగు గ్రూపుల్లో పెట్టడం కూడా మంచిది కాదు, ఒకచోట తేలిపోయాక మిగతా మూడు చోట్ల పాపం ఎవరో ఒకరు కూర్చుని ఆలోచిస్తూనే ఉంటారు. "అర్జెంట్" అన్న మాట వల్ల ఒక్క జవాబు కూడా తొందరగా రాలేదు నాకు.

ఇంగ్లీషు రాదని భయం వద్దు మాస్టారూ. నేను డిగ్రీ తప్పినవాణ్ణి. సూపర్‌యూజర్ అని 2009లో మొదలైన సైటు ఉంది, మామూలుగా కంప్యూటర్ వాడుకునేవాళ్ళ ప్రశ్నలకి, ప్రోగ్రాములు రాసేవాళ్ళకైతే స్టాక్ ఓవర్‌ఫ్లో, అది 2008 నుంచి. వాటిల్లో కాస్త కర్కశంగానే ఉంటారు, ఇది ఇంతకుముందే ఎవరో అడిగారు అని మన ప్రశ్న మూసేస్తారు, మొదటిసారి చెంపదెబ్బ లాగా ఉంటుంది. కానీ మూసేటప్పుడు ఆ పాత ప్రశ్న లింకు పెడతారు, చాలాసార్లు మనకి కావాల్సింది అందులోనే ఉంటుంది. నా వచ్చీరాని ఇంగ్లీషుని మాత్రం ఎవరూ వెక్కిరించలేదు, ఒకసారి ఒకాయన నా ప్రశ్నలో స్పెల్లింగులు తనే సరిచేసి జవాబు కూడా తనే ఇచ్చాడు.

ఇదేం కొత్త అలవాటు కాదంట, ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు చెప్పాడు. 1979లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో ఇద్దరు స్టూడెంట్లు ఆలోచన చేసి మొదలెట్టిన యూస్‌నెట్ అనే దాంట్లో ఇంటర్నెట్ జనాల్లోకి రాకముందే ఇలా అడుక్కోవడాలు, చెప్పుకోవడాలు నడిచాయి. విండోస్ లాంటిదే లైనక్స్ అని ఇంకోటి ఉంది, అది చేసిన టోర్వాల్డ్స్ కూడా 1991 ఆగస్టు 25న అలాంటి గ్రూపులోనే, నేనొక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నా, ఉత్త హాబీ లెండి, మీకేం కావాలో చెప్పండి అని రాశాడట. హాబీ!

మన తెలుగు సంగతికొస్తే కడుపు తరుక్కుపోతుంది. కంప్యూటర్‌లో తెలుగు కనపడాలంటే తలప్రాణం తోకకొచ్చే రోజుల్లో యాహూ గ్రూపుల్లో మన వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు, నేను కూడా చదివి నేర్చుకున్నా. 2019 డిసెంబరులో ఆ పాత మెసేజులు తీసేశారు, 2020 డిసెంబరులో గ్రూపులే మూసేశారు. ఇప్పుడు గ్రూపంటే అందరికీ వాట్సాపే. మా డీటీపీ వాళ్ళకీ ఒకటుంది, పొద్దున్నే వంద గుడ్ మార్నింగులు, మధ్యలో ఎవడో బంగారం లాంటి కిటుకు చెప్తాడు, సాయంత్రానికి అది పెళ్ళి ఫొటోల కింద మునిగిపోద్ది. కొత్తగా చేరినవాడికి పాతవి మామూలుగా కనపడవు, గూగుల్లో వెతికితే అసలే దొరకవు. అందుకే ఒకే ప్రశ్న, అను ఫాంట్‌లో కొట్టిన మేటర్ ఫేస్‌బుక్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి ఎందుకు అని, నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, మేం చెప్తూనే ఉంటాం. (ఎందుకంటే పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లో తెలుగు బొమ్మలు కూర్చోబెడతాయి, ఫాంట్ లేనిచోట అసలు ఇంగ్లీషు బయటపడుద్ది. యూనికోడ్ అని ప్రతి భాష అక్షరాలకీ విడిగా నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంది, అందులో తెలుగుకి దాని సొంత చోటు ఉంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే. ఇక్కడ చెప్పేశా కాబట్టి ఈ నెల ఎవరూ అడగొద్దు.)

గ్రూపుల్లో దొంగలు లేరని నేననను. మా షాపుకొచ్చే ఒక లెక్చరర్ గారు గ్రూపులో ఏదో అడిగితే అక్కడ ఎవరూ చెప్పకముందే ఒకడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి, సార్ ఇది కంపెనీ సర్వీస్ నంబరు, ఫోన్ చేయండి అన్నాడు. ఈయన చేశారు. వాడు చాలా మర్యాదగా మాట్లాడి దూరం నుంచి మన స్క్రీన్ కనపడే యాప్ ఒకటి వేయించి, సర్వీస్ చార్జీ 10 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టమన్నాడు, ఈయన బ్యాంకు సైటు ఓపెన్ చేసి కొడుతుంటే వాడు అక్కడ కూర్చుని చూస్తున్నాడు. 48 వేలు. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు, వెంటనే 1930కి ఫోన్ చేయించా, సైబర్ మోసాలకి ప్రభుత్వం ఇచ్చిన నంబరు అది, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. కొంత ఆగింది, మిగతాది పోయింది. అప్పటినుంచి నా లెక్క ఒకటే, సాయం చేసేవాడు నలుగురిలో చెప్తాడు, పక్కకి రమ్మన్నవాడితో నాకు పనిలేదు.

ఇంకో సంగతి, అడగడం ఆలస్యమైతే ఏమవుద్దో కూడా చెప్పాలి. మా అక్క వాళ్ళది విజయవాడ సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్ళు ఇంట్లోకొచ్చాయి, మనుషులు మేడెక్కి బతికారు, కంప్యూటర్ టేబుల్ మాత్రం కిందే ఉండిపోయింది. నీళ్ళు తీశాక మా బావ సీపీయూ డబ్బా విప్పి హార్డ్ డిస్క్ బయటికి తీసి మేడ మీద మూడు రోజులు ఎండబెట్టాడు, అప్పడాలు పెట్టినట్టు. తర్వాత కరెంటు ఇచ్చాడు. టక్ టక్ టక్ అని శబ్దం, అంతే. అప్పుడు నాకు ఫోన్ చేస్తే నేను గ్రూపులో పెట్టా. ఒకాయన, రికవరీ పని చేసేవాడంట, నెమ్మదిగా చెప్పాడు. మామూలు హార్డ్ డిస్క్‌కి గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్ళు లోపలికి పోయే చాన్స్ ఉంది, బురదనీళ్ళలో మునిగినదాన్ని ఎండబెట్టకూడదు, మట్టి లోపల ఎండి, ఫైళ్ళు ఉండే పళ్ళేనికి అంటుకుపోద్ది, తడిగానే కవర్లో చుట్టి రికవరీ వాళ్ళకి ఇవ్వాలి, కరెంటు మాత్రం చచ్చినా ఇవ్వకూడదు. నాలుగు రోజులు ముందు అడిగుంటే బాగుండేదండి అన్నాడు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఆ పోస్టు మాత్రం నేను తీయలేదు. మొన్న వానలప్పుడు ఒకావిడ దాని కింద కామెంట్ పెట్టింది, మా ల్యాప్‌టాప్ తడిచింది, ఇది చదివి ఆన్ చేయకుండా ఆపాను అని. బాగయ్యిందో లేదో ఇంకా చెప్పలేదు, ఆవిడ కూడా మన లాంటిదే.

ఇప్పుడు ఏఐ ఉంది కదా మావయ్యా, దాన్ని అడిగితే పోలా అంటాడు మేనల్లుడు. అడుగుతున్నా, తెలుగులో కూడా చెప్తోంది, కాదనను. కానీ అది కూడా ఇలాంటి పాత జవాబులు చదివే కదా నేర్చుకుంది. మనం ఉన్నవి చెరిపేసి కొత్తవి రాయకపోతే రేపు అది మాత్రం ఎక్కడ చదువుద్ది? పైగా దానికి కూడా "ప్రింట్ రావట్లేదు" అని కొడితే మొదట కేబులే చూడమంటోంది.

ఎడిటర్ గారూ, మీకో విన్నపం. మీరు వారం వారం కొత్త ఫోన్ల ఫీచర్లకి అరపేజీ ఇస్తున్నారు, అందులో ఒక మూల ఖాళీ చేసి పాఠకుల కంప్యూటర్ కష్టం ఒకటి, అది ఎలా తీరిందో నాలుగు లైన్లు వేయండి. మీ వెబ్‌సైట్లో కూడా ఉంచండి, బొమ్మగా కాదు, వెతికితే దొరికేలా అక్షరాలుగా. మొదటిదానికి నా 11బి వాడుకోండి, పేరు వేసినా ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

మాస్టారూ, మీ సంగతి. "ఏదో ఇంగ్లీషులో మెసేజ్" అన్నదాన్ని బట్టి నేను మూడు ఊహించగలను. ఒకటి, మీది విండోస్ 10 అయ్యుంటే 2025 అక్టోబరు 14తో దానికి సపోర్ట్ అయిపోయిందని చెప్తూ ఉండొచ్చు, కంప్యూటర్ ఏం పాడవలేదు, తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రెండు, కంప్యూటర్ కొన్నప్పుడు ఉత్తినే వచ్చిన యాంటీవైరస్ గడువు అయిపోయి డబ్బు కట్టమంటూ ఉండొచ్చు. మూడోది, తెరంతా ఎర్రగా వచ్చి మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఉంటే అది పచ్చి మోసం, ఆ నంబరుకి మాత్రం చేయకండి, ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎఫ్4 కొట్టండి, పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ పేరు మీద క్లిక్ చేసి ఎండ్ టాస్క్ కొట్టండి. మూడిట్లో ఏదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మీ గ్రూపు వాళ్ళూ అందుకే పలకలేదేమో.

ఒక కాగితం మీద ఆ మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా రాయండి, చుక్కలు, నంబర్లతో సహా, ఆన్ చేయగానే వస్తుందో ఇంటర్నెట్ తెరిచాక వస్తుందో కూడా రాయండి. అదే గ్రూపులో మళ్ళీ పెట్టండి, లేదా ఈ పేజీకే పంపండి, నేను రోజూ చూస్తూనే ఉంటా.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
అరండల్‌పేట, గుంటూరు.